‘ఇన్ని కోట్లమందిలో దేవుడికి నేనెవరో తెలుసా?’ అని అడిగిన అమ్మాయికి

అమ్మా,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నర్సంపేట దగ్గర మీ నాన్న మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశారు. నల్ల తామరపురుగు పడి పూతంతా రాలిపోయింది. మరుసటి ఏడు మళ్లీ అప్పు తెచ్చి వేశారు, అదీ చేతికి రాలేదు. ఆ దిగులులోనే పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నువ్వు హనుమకొండలో కోచింగ్ మానేసి వచ్చి పదకొండు నెలలుగా ఆ మంచం పక్కనే ఉన్నావు. ఇంటికి ప్రార్థనకు వచ్చినవాళ్లలో ఒకరు ‘మీకు విశ్వాసం చాలదు’ అన్నారు, ఇంకొకరు ‘ఒప్పుకోని పాపం ఏదో ఈ ఇంట్లో ఉంది’ అన్నారు. చివర్లో నువ్వు అడిగింది ఇది: ‘ఇన్ని కోట్లమందిలో దేవుడికి నేనెవరో తెలుసా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు? ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడినట్టుంది.’

నేను పాస్టరును కాను, వేదాంత కళాశాల గడప తొక్కలేదు. వరంగల్‌లో ఒక ఆసుపత్రిలో 33 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా సంఘంలో స్త్రీల మైత్రి కూడికలకు వాక్యం చెబుతాను, రోగులున్న ఇళ్లకు వెళ్తాను. నాకు తెలిసింది ఆ రెండు చోట్ల నేర్చుకున్నదే.

ముందు ఆ పాపం సంగతి తేల్చేద్దాం, దానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ‘వీడు పాపం చేశాడా, వీడి కన్నవారా’ అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదు అని యేసు చెప్పాడు. అది యోహాను 9వ అధ్యాయం. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికంటే పెద్ద అపరాధులనుకుంటున్నారా, కాదు అని ఆయనే అన్నాడు. అది లూకా 13. ఆ తామరపురుగు 2021లో మన జిల్లాల్లో పడినప్పుడు ఎవరు మందిరానికి వెళ్తారు, ఎవరు గుడికి వెళ్తారు అని వాకబు చేసి పడలేదు. మీ ఇంటికి వచ్చి ఆ మాట అన్నవాళ్లు ఈ రెండు అధ్యాయాలు చదివి ఉండరు, లేదా చదివి మరిచిపోయి ఉంటారు. మళ్లీ వస్తే టీ ఇచ్చి పంపించు, అంతకంటే పట్టించుకోకు.

ఇక అసలు విషయం. నువ్వు అడిగినవి రెండు ప్రశ్నలు. దేవుడికి నేను తెలుసా అన్నది ఒకటి, తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు అన్నది ఇంకొకటి. మొదటిదానికి బైబిలు తడబడకుండా జవాబు చెబుతుంది. రెండోదానికి నువ్వు కోరే జవాబు మాత్రం చెప్పదు. ఈ రెండింటినీ కలిపి ముడి వేసుకుంటే, రెండోదానికి జవాబు రాలేదు కాబట్టి మొదటిదీ అబద్ధమే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, ఏడాదిన్నర పాటు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మన వైపు ‘తెలుసు’ అనడానికి పెద్దవాళ్లు ‘ఎరుకే’ అంటారు కదా. తెలుగు బైబిల్లో ఆ మాట చాలా చోట్ల ఉంది: ఎరుగుదును, ఎరుగను, ఎరుగబడినవారు. నా దృష్టిలో తెలియడం వేరు, ఎరగడం వేరు. కలెక్టరుగారు నాకు తెలుసు, పేపర్లో ఫొటో చూస్తాను. మా ఎదురింటావిడను మాత్రం ఎరుగుదును. ఆమె గేటు వేసే చప్పుడును బట్టి ఆ రోజు కొడుకుతో మాటామాటా అయిందో లేదో చెప్పగలను. యేసు చివరి దినాన కొందరితో ‘నేను మిమ్మును ఎన్నడును ఎరుగను’ అంటానన్నాడు. అన్నీ తెలిసినవాడికి వాళ్ల పేరూ ఊరూ తెలియక అన్నమాటా అది? (దాన్ని చూసి నువ్వు భయపడకు. ‘ప్రభువా, నీ పేరుతో అద్భుతాలు చేశాం, దయ్యాలు వెళ్లగొట్టాం’ అని గొప్పలు చెప్పుకున్నవాళ్లతో అన్నమాట అది. నీలాంటి అలసిపోయినవాళ్లతో ఆయన ఎప్పుడూ అలా మాట్లాడలేదు.) పౌలు గలతీయులకు రాస్తూ ‘దేవునిని ఎరిగినవారు’ అని మొదలుపెట్టి, అంతలోనే తనను తాను దిద్దుకున్నట్టు ‘మరి విశేషముగా దేవునిచేత ఎరుగబడినవారు’ అంటాడు. నేను ఆయన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాను అన్నదాని మీద విశ్వాసం నిలబడితే, నీలాంటి పదకొండు నెలలు గడిచాక ఎవరి చేతుల్లోనూ ఆ పట్టు మిగలదు. పౌలు దిద్దుకున్నది అందుకే అనుకుంటాను.

139వ కీర్తన తీసి చూడు. ‘నేను కూర్చుండుట నేను లేచుట నీకు తెలియును’ అని మొదట్లోనే ఉంటుంది. రాజైన దావీదు పేరున్న కీర్తన అది. యుద్ధాలు, విజయాలు, సింహాసనం ఏదీ ఎత్తకుండా కూర్చోవడం, లేవడం దగ్గర మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ల పాటు ఆ వచనాన్ని కవిత్వం అనుకుని దాటేశాను. తర్వాత మా అత్తగారు మంచాన పడ్డారు. రాత్రి పదకొండుకు ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి, మూడుకు ఒకసారి లేచి ఆమెను పక్కకు తిప్పేదాన్ని. పొద్దున నిద్రలేచినవాళ్లెవరికీ నేను ఎన్నిసార్లు లేచానో తెలియదు, తెలిసే అవసరమూ లేదు. ఆ లేవడాలను ఒకరు చూస్తున్నారన్న మాట నాకు అప్పుడు కవిత్వంలా అనిపించలేదు. నువ్వు ఇవాళ ఎన్నిసార్లు కూర్చుని లేచావో నీకే గుర్తుండదు.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా వార్డులో 40 మంచాలు, రాత్రి డ్యూటీకి ఇద్దరం. అక్కడ పేర్లు ఉండవు. ‘పద్నాలుగుకు సెలైన్ మార్చు, ఇరవై రెండుకు జ్వరం చూడు’, అంతే. తప్పని నేననను. అంతమందిలో పొరపాటు జరగకుండా ఉండాలంటే నంబరే నయం. ములుగు అడవుల వైపు నుంచి మలేరియా తలకెక్కిన ఒక పెద్దాయనను తెచ్చి పద్నాలుగో మంచం మీద వేశారు. రెండు రోజులు కళ్లు తెరవలేదు. మేం ఎంత గట్టిగా ‘తాతా, తాతా’ అన్నా ఉలుకూ పలుకూ లేదు. మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్న ఆయన భార్యను ‘ఇంట్లో ఏమని పిలుస్తారమ్మా’ అని అడిగాను. కేసు షీటులో రాసింది వేరు, ఇంట్లో పిలిచేది వేరు. ఇంట్లో పిలిచే ఆ పేరుతో చెవి దగ్గర పిలిస్తే రెప్పలు కదిలాయి. మూడోసారికి కళ్లు తెరిచి నా ముఖం కాకుండా నా వెనకాల ఎవరినో వెతికాడు. ఆ పేరుతో పిలిచేది వాళ్ల మనిషే అయి ఉంటుందనుకున్నాడు మరి.

ఆ రోజు నుంచి ప్లాస్టర్ ముక్క మీద బాల్‌పెన్నుతో పేరు రాసి ప్రతి సెలైన్ స్టాండుకూ అంటించేదాన్ని. జిగురు మిగిలిపోతోందని హెడ్ సిస్టరు తిట్టేది. డిశ్చార్జి అయ్యాక స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ కొత్త పేరు.

హాగరు కథ నాకు ఆ స్టాండ్ల మధ్యనే బోధపడింది. ఆదికాండము 16 చదువు. హాగరు అబ్రాము, శారయి దంపతుల ఇంట్లో దాసి. శారయి ఆమెను ‘నా దాసి’ అంటుంది. అబ్రాము ‘నీ దాసి’ అంటాడు. ఆమె కడుపున బిడ్డను కోరుకున్నారు, ఆమె చేత చాకిరీ చేయించుకున్నారు, ఆ అధ్యాయంలో ఇద్దరిలో ఒక్కరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. కడుపుతో ఉన్న మనిషి తట్టుకోలేక ఎడారిలోకి పారిపోతే, షూరు దారిలో నీటిబుగ్గ దగ్గర యెహోవా దూత వచ్చి ‘హాగరూ’ అని పిలిచి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడుగుతాడు. ఆమె మొదటి ప్రశ్నకే జవాబు చెప్పగలిగింది. రెండోదానికి ఆమె దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉందా? కోచింగ్, ఉద్యోగం, పెళ్లి, రేపు ఏమిటి అని ఎవరైనా అడిగితే నువ్వూ వెనకటి సగమే చెప్పగలవు. అందుకని ఆ దూత ఆమెను తప్పుపట్టలేదు. ఈజిప్టు నుంచి వచ్చిన ఒక పనిమనిషి అక్కడ నిలబడి దేవుడికి పేరు పెట్టింది: ‘చూచుచున్న దేవుడవు నీవే’.

ఈ కథలో మనకు మింగుడుపడనిది కూడా ఉంది, దాన్ని దాచను. వెళ్లి యజమానురాలి దగ్గరే అణిగి ఉండమని దూత చెప్పాడు. ఆమె కష్టం ఆ రోజు తీరలేదు. ఈ భాగం మీద నేను విన్న ప్రసంగాల్లో సగం ఈ ఒక్క వాక్యాన్ని పక్కనుంచి దాటి వెళ్లిపోతాయి.

మా అమ్మమ్మ ఈ కథ చదవలేదు, చదువు రాదు, చదివి వినిపిస్తే విన్నది. డోర్నకల్ వైపు పల్లెలో పుట్టింది. నిజాం కాలం, వెట్టి కాలం. దొర గడిలోకి వెళ్తే మా వాడ మగవాళ్ల పేరుకు చివర ‘గా’ తగిలించి పిలిచేవారు, ఆడవాళ్లకు ‘ఓసే’ తప్ప పేరే లేదు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల నుంచి మొదటి బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన అజరయ్యగారు డోర్నకల్ కేంద్రంగా ఎడ్లబండి మీద పల్లెలు తిరిగిన రోజులవి. ఆయన తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి. మా అమ్మమ్మ బాప్తిస్మం చెరువు గట్టున జరిగింది. బాప్తిస్మమిచ్చే ముందు ‘పేరేమిటి’ అని అడగడం ఆ ఆరాధన క్రమంలోనే ఉంది. బాప్తిస్మమిచ్చే పాస్టరు అయ్యగారు అలా అడిగితే ఆమె బిత్తరపోయిందట. అప్పటివరకు ఆమె పేరు ఎవరికీ అవసరం పడలేదు. బైబిల్లోని ఒక స్త్రీ పేరు పెట్టారు. ఇక్కడ రాయను, రాస్తే ఊళ్లో ఇప్పటికీ గుర్తుపడతారు. ఆ మర్నాడు గడిలో ఆమెను మళ్లీ ‘ఓసే’ అనే పిలిచారు. ఆ సంగతి చెప్పి ఆమె పకపకా నవ్వేది. ‘వాళ్లకేం తెలుసు, దేవునికి ఎరుకే బిడ్డా’ అనేది. ఆ నవ్వు నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. వెట్టి పోలేదు, అన్నం పెరగలేదు, అయినా ఆమెకు ఏదో దొరికింది, దాన్ని గడివాళ్లు తీసుకోలేకపోయారు.

నువ్వు పిచ్చుకల వచనం గురించి కూడా రాశావు. ‘పిచ్చుకలను చూసుకునేవాడు మిమ్మల్ని చూసుకోడా’ అని అందరూ చెబుతున్నారని, అది వింటే కోపం వస్తోందని. కోపం రావడం సబబే, ఎందుకంటే సగమే చెబుతున్నారు. మత్తయిలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకాలో రెండు కాసులకు అయిదు. లెక్క వేసి చూడు, నాలుగు రావాలి. అయిదోది కొసరు. కూరగాయలమ్మి సంచిలో చివర వేసే కరివేపాకు రెబ్బలాంటిది. ఆ కాసు అప్పటి కూలివాడి ఒక రోజు కూలిలో 16వ వంతు. పేదవాళ్లు కొనుక్కునే మాంసం అది. అందులో డబ్బు లెక్కలోకి కూడా రాని అయిదో పిట్ట గురించి యేసు అన్నాడు, ‘వాటిలో ఒకటైనను దేవునియెదుట మరువబడదు’ అని. కోట్లమందిలో నేనెంత అని నువ్వు అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కొసరు పిచ్చుకే.

మిగతా సగం చెబుతాను, అదే ముఖ్యం. పిచ్చుక పడదని ఆయన అనలేదు. ‘మీ తండ్రి సెలవులేక వాటిలో ఒకటైనను నేలను పడదు’ అని మన బైబిల్లో ఉంది, అంటే పడుతుందనే. ఇంకొక సంగతి. మూలంలో గ్రీకులో ఉన్నది ‘మీ తండ్రి లేకుండా’ అని మాత్రమే. ‘సెలవు’ అన్నది అనువాదకులు భావం పూరించడానికి చేర్చిన మాట. తండ్రి అనుమతి లేకుండా అని తీసుకోవచ్చు, చాలామంది పండితులు అలాగే తీసుకుంటారు. తండ్రి దగ్గర లేకుండా అని కూడా ఆ మాటకు చోటుంది. నేను రెండూ పట్టుకుంటాను. కానీ మంచం పక్కన కూర్చున్నవాళ్లకు నేను రెండోదే ముందు చెబుతాను, ఎందుకంటే ‘దేవుడి అనుమతితోనే మీ నాన్నకు పక్షవాతం వచ్చింది’ అని నీ ముఖం మీద చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఉన్నవాళ్లను చూస్తే భయమేస్తుంది. పైగా యేసు ఆ మాట ఎవరితో అన్నాడో చూడు. శరీరాన్ని చంపేవాళ్లకు భయపడకండి అని చెప్పి, దెబ్బలు తినబోయేవాళ్లతో, కొందరు చావబోయేవాళ్లతో అన్నాడు. మీకేమీ కాదు అని వాళ్లకు మాట ఇవ్వలేదు. మీ తలవెంట్రుకలన్నీ లెక్కించి ఉన్నాయన్నాడు. లెక్కపెట్టాడంటే రాలవని కాదు. దువ్వెనలో రోజూ చూస్తూనే ఉన్నాం కదా.

ఇప్పుడు నా ఏడాదిన్నర సంగతి. 1994లో నాకు రెండో బిడ్డ ఏడో నెలలోనే పుట్టింది. 1,150 గ్రాములు. నేను నర్సును, నాకు ఆ అంకె అర్థం ఏమిటో తెలుసు. తొమ్మిది రోజులు బతికింది. ఎన్ని మిల్లీలీటర్ల పాలు పట్టాం, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసింది, ఏ గంటకు ఒళ్లు చల్లబడింది, అన్నీ నాకు తెలుసు. ఆ బిడ్డను అంతగా ఎరిగిన మనిషి లోకంలో ఇంకొకరు లేరు. ఎరిగి ఉండి ఏమీ చేయలేకపోయాను. నాకు చేతకాలేదు కాబట్టి చేయలేదు. దేవుడికి చేతనవునే. ఆయన ఎందుకు చేయలేదు? నీ రెండో ప్రశ్న అదే కదా.

ఇంటికి వచ్చినవాళ్లు చాలా చెప్పారు. దేవుడు తన తోటలో పువ్వు కోసుకున్నాడని ఒకరన్నారు. ఆ దేవుడైతే నాకొద్దనుకున్నాను. మా అయ్యగారు ఒక్కరే వచ్చి అరగంట పాటు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. లేచే ముందు ‘పాప పేరేమిటమ్మా’ అని అడిగారు. మేం 21వ రోజున పెడదామనుకున్నాం. పేరు లేదన్నాను. ఆయన వెళ్లలేదు, చెప్పులేసుకుని గుమ్మంలోనే నిలబడ్డారు. కొంతసేపటికి ఒక పేరు చెప్పాను. ఆదివారం నాడు సంఘం సమాధుల రిజిస్టరులో ఆ పేరు, పక్కన ‘వయసు 9 రోజులు’ అని రాశారు. చాలా ఏళ్ల తర్వాత వెళ్లి చూశాను. సిరా వెలిసింది గాని చదవడానికి వస్తుంది.

అప్పుడు కూడా నాకు ఓదార్పు కలగలేదు. ఏడాదిన్నర పాటు మందిరానికి వెళ్లాను, పాడాను, లోపల ప్రార్థన మాత్రం లేదు. మళ్లీ మొదలైంది ఒక నైట్ డ్యూటీలో. మేం నర్సులం కాగితం దొరకనప్పుడు అరచేతి మీద రాసుకుంటాం, బీపీ ఎంత, సెలైన్ ఎన్ని గంటలకు అయిపోతుంది అని. ఆ రాత్రి చేయి కడుక్కుంటుంటే అంకెలు నీళ్లలో కరిగిపోయాయి. ఆదివారం చదివిన యెషయా 49 గుర్తొచ్చింది. అక్కడ సీయోను, అంటే యెరూషలేము పట్టణం, ‘ప్రభువు నన్ను మరచియున్నాడు’ అంటుంది, అచ్చం నీలాగే, నాలాగే. దానికి దేవుడు చెప్పే జవాబులో తల్లి ఉంది: స్త్రీ తన చంటిపిల్లను మరచునా? నేను మరవలేదని నాకు తెలుసు, అందుకే ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఆ వెంటనే ‘నా యరచేతులమీదనే నిన్ను చెక్కియున్నాను’ అంటాడు. రాసుకున్నాను అనలేదు, చెక్కాను అన్నాడు. చెక్కితే నొప్పి ఆయనకే. కడిగితే పోదు. ఆ సింకు దగ్గర నిలబడి, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి దేవుణ్ణి తిట్టాను. అదే నా ప్రార్థన. ఎందుకు అన్నదానికి నాకు ఇవాళ్టికీ జవాబు రాలేదమ్మా. క్రైస్తవ విశ్వాసంలో ఆ ప్రశ్నకు కారణాల జాబితా దొరకదు. సిలువ మీద ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అని అదే ‘ఎందుకు’ను కేక వేసి అడిగిన యేసు మాత్రం దొరుకుతాడు. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసీ ముందు ఏడ్చినవాడు ఆయన. నాకు అది చాలిందా అంటే, కొన్ని రోజులు చాలుతుంది, కొన్ని రోజులు చాలదు. చాలని రోజున కూడా ఆయనకే చెబుతాను.

గోడ సంగతి. గోడతో మాట్లాడినట్టుందని ఆ మాటే దేవుడికి చెప్పు. ‘తండ్రీ, నీకు స్తోత్రం’ అని మొదలుపెట్టి లోపల లేనిదంతా వరసగా అప్పజెబితే ఎవరికైనా గోడలాగే ఉంటుంది. 88వ కీర్తన చదువు, అందులో చివరిదాకా వెలుతురు రాదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని అక్కడితో ఆగిపోతుంది. అలాంటిది కూడా ప్రార్థనల పుస్తకంలో ఉంచారంటే, అలా మాట్లాడేవాళ్లకూ ఆ ఇంట్లో చోటుందనే. యోబు 23లో యోబు తూర్పుకు వెళ్లినా దేవుడు కనబడలేదు, పడమటికి వెళ్లినా కనబడలేదు అంటాడు. ఆ వెంటనే ‘నేను నడచు మార్గము ఆయనకు తెలియును’ అంటాడు. ఆయన నాకు దొరకడం లేదు, నేను ఆయనకు దొరికే ఉన్నాను. ఒక్క రోజు కూడా దేవుడు దగ్గరున్నట్టు అనిపించకపోయినా ఈ ఒక్క మాట మీద నిలబడవచ్చు. నేను నిలబడ్డాను. పెద్ద ప్రార్థనలు వద్దు. రాత్రి నాన్నను తిప్పడానికి లేచినప్పుడు ‘లేచాను, నీకు తెలుసు’ అను. పడుకున్నప్పుడు ‘పడుకుంటున్నాను’ అను. కొన్నాళ్లు అంతే చాలు.

ఇప్పుడు నర్సుగా మాట్లాడతాను. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ఆయనకు వాక్యం చెప్పలేదు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించి ఉంది అన్నాడు. ఏలీయా ఇక్కడ నీకేం పని అనే ప్రశ్న నలభై రోజుల తర్వాత వచ్చింది. దేవుడు నిన్ను ఎరిగి ఉంటే నీకు నిద్ర లేదని కూడా ఎరుగును. పదకొండు నెలలు ఒక్కదానివే రాత్రుళ్లు చేస్తున్నావని రాశావు. మీ అన్న హైదరాబాదు నుంచి డబ్బు పంపితే సరిపోదు. నెలకు రెండు రాత్రులైనా వచ్చి ఆ మంచం పక్కన పడుకోమని చెప్పు, మొహమాటపడకు. ప్రార్థనకు వచ్చే సంఘంవాళ్లతో ‘ఒక్క మధ్యాహ్నం కూర్చోండి, నేను పడుకుంటాను’ అని అడుగు. అలా కూర్చోవడం కూడా ప్రార్థనే, కాదన్నవాళ్లను నా దగ్గరకు పంపు. నాన్నను రెండు గంటలకోసారి పక్క మార్చడం, తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టడం, తిన్నాక అరగంట అలాగే ఉంచడం మరవకు. నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తుంటే డాక్టరుకు చెప్పు, ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయేమో చూస్తారు. నీ సంగతి కూడా: వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఆకలి చచ్చిపోయినా, ఏలీయాలాగా ఇక చాలు అనిపించినా విశ్వాసం తక్కువై కాదు. డాక్టరును కలువు. రాత్రిపూట తోడు లేక మనసు బాగోకపోతే 14416కు ఫోను చెయ్యి, టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ రొట్టె తెచ్చిన దూతకు రెక్కలున్నాయని కూడా బైబిలు చెప్పలేదు.

ఒక్క మాట అడగాలి. నీ ఉత్తరమంతా ‘మా నాన్న, మా నాన్న’ అనే రాశావు. ఆయన పేరు ఎక్కడా రాయలేదు, నీదీ రాయలేదు. ప్రతి గురువారం మా స్త్రీల మైత్రిలో ఒక నోటు పుస్తకం చూసి పేర్లు చదివి ప్రార్థన చేస్తాం, ‘నర్సంపేట అమ్మాయి, వాళ్ల నాన్న’ అని చదివితే నాకు పద్నాలుగో మంచంలాగే ఉంటుంది. అందరికీ కనబడేలా వద్దు, నాకు విడిగా రాసి పంపు. ఇంట్లో ఆయన్ని ఏమని పిలుస్తారో అది కూడా రాయి.